నడిమి ముక్క పట్టుకుని

తెనాలి, బాపట్ల, రేపల్లె వెళ్ళొస్తానంటే మా పాలకొల్లు సంఘంలో ఆడవాళ్ళు నవ్వారు. "యాత్రంటే యెరూషలేము వెళ్ళాలి గానీ తెనాలేంటక్కయ్యా, అక్కడేముంది?" అన్నారు. ఏముందో తిరిగొచ్చాక రాస్తానని చెప్పాను. అందుకే ఇది.

నేను వెళ్ళింది ఒక వరుస చదవడానికి. అదేం వరుసో ముందు చెప్పాలి.

మన కాలవ గట్ల మీద జమ్ము పెరుగుతుంది కదా, అలాంటి మొక్కను చీల్చి, అతికించి ఐగుప్తులో పూర్వం కాగితం చేసేవారు. అలాంటి కాగితం మీద చేత్తో రాసిన గ్రీకు సువార్త ప్రతి ఒకటి ఇసుక కింద దొరికింది. పుస్తకం లేదు, కొన్ని ముక్కలే మిగిలాయి. అందులో ఒక ఆకు నిలువునా చిరిగి మూడు చీలికలయింది. ఒక్కో చీలిక ఒక్కో దేశం చేరి, గ్రంథాలయాల్లో అద్దాల మధ్య ఉందట. మా బైబిలు పాఠశాలలో గ్రీకు చెప్పిన మిస్సమ్మగారు ఆ మూడు చీలికల ఫొటోలూ సంపాదించి తెచ్చుకున్నారు. వాటిని బల్ల మీద పక్కపక్కన పెడితే ఆకు మళ్ళీ ఆకయ్యేది. ప్రభువు శిష్యులతో ఆఖరి భోజనం చేసి వీడ్కోలు చెబుతున్న చోటు అది, యోహాను సువార్తలో.

నిలువునా చిరిగింది కనక ఏ వరుసా ఒక్క ముక్కలో పూర్తిగా లేదు. పైగా ఆ రోజుల్లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలేవారు కాదు. మన తాటాకు పుస్తకాల్లోనూ అంతే. గొంతెత్తి చదివితే గానీ ఏ మాట ఎక్కడ ఆగిందో తెలియదు. అందుకని మిస్సమ్మగారు మా బెంచీ మీద ముగ్గురికీ తలో ముక్కా ఇచ్చారు. మార్త మొదలుపెట్టేది. నేను అందుకునేదాన్ని. రూతు ముగించేది. ఒకరు తడబడితే మిగతా ఇద్దరూ నోరు తెరిచి ఆగిపోవాల్సిందే.

ఆవిడ తమ దేశం వెళ్ళిపోయేటప్పుడు ఆ ఫొటోలు మా ముగ్గురికీ పంచారు. "అన్నీ ఒక్కరి దగ్గర ఉంటే ఒక్కరే చదువుకుంటారు. అది మంచిది కాదు" అన్నారు, ఆవిడ తెలుగులో.

నాది నడిమి ముక్క. ఏ వరుసకీ మొదలూ లేదు, చివరా లేదు. అచ్చు వేసిన గ్రీకు నిబంధన నా దగ్గర ఉంది, అందులో వాక్యమంతా ఉంది. ఇన్నేళ్ళూ ఆ పాఠశాలలోనే పిల్లలకు గ్రీకు దాన్నుంచే చెప్పాను. ఇప్పుడు మా పాఠశాలలో గ్రీకు తీసేశారు. చేరేవాళ్ళు లేరన్నారు, నిజమే. అదే వేసవిలో నేనూ రిటైరయ్యాను. హాస్టలు గది వదిలి అద్దె గదిలోకి మారాను. నేను పెళ్ళి చేసుకోలేదు. సాయంత్రం దీపం పెట్టాక "కుటుంబ ప్రార్థన చేసుకుందాం" అని అలవాటుగా నోటికి వస్తుంది. కుటుంబమంటే నేనూ, గోడ గడియారమూ.

అలాంటి ఒక సాయంత్రం నా ఫొటోలో ఒక వరుస దగ్గర కళ్ళు ఆగాయి. 'సో హుమాస్ ఓర్'. సగం మాటతో మొదలై సగం మాటతో తెగిపోయింది. మిమ్మల్ని దిక్కులేనివాళ్ళను చేసి వెళ్ళను అని ప్రభువు మాట ఇచ్చిన వరుస అది. 'ఊక్ అఫే' మార్తది, 'సో హుమాస్ ఓర్' నాది, 'ఫానూస్' రూతుది. ఓర్ఫానూస్ అంటే దిక్కులేనివాళ్ళు. ఊక్ అంటే కాదు, లేదు అని. ఆ 'కాదు' మార్త ముక్కలో ఉంది. అది లేకుండా మిగిలింది చదివితే అర్థం తలకిందులవుతుంది.

ఆ వరుసను ముగ్గురం కూర్చుని ఇంకొక్కసారి చదవాలనిపించింది. సంచి సర్దుకున్నాను.

తెనాలి

స్టేషను బయట ఇడ్లీ తిన్నాను. మావైపు ఇడ్లీకి కొబ్బరి పచ్చడి వేస్తారు. ఇక్కడ ముందు కారప్పొడి, దాని మీద నెయ్యి, తర్వాతే పచ్చడి. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటుంటే పక్కనాయన నా చీర అంచు చూసి, "గోదారి జిల్లా అండి మీది?" అని మంచినీళ్ళ గ్లాసు జరిపాడు.

మార్త తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎస్తేరూ. ఇంత చిక్కిపోయావేంటే?"

"నా వాటా కూడా నువ్వే తిన్నట్టున్నావు."

అంతే, మధ్యలో గడిచిన ఏళ్ళన్నీ పోయాయి. కాసేపే. తర్వాత మనవడు ఏడ్చాడు, కుక్కరు కూసింది, పాలవాడు వచ్చాడు. మార్తకు నాతో కూర్చోవడానికి తీరిక దొరకలేదు. వంకాయ కూర వడ్డిస్తూ, "బెల్లం వెయ్యలేదే, ఏమనుకోకు" అని దెప్పింది.

ఫొటో అడిగితే, "ఉందే, ఎక్కడికి పోతుంది?" అంది. పెట్టె తీశాం. అటక మీదివన్నీ దింపాం. బైబిళ్ళన్నీ దులిపాం. చివరికి వాళ్ళాయన పేపరు మడిచి, దగ్గి, "అమ్మాయి పెళ్ళి ఫొటోకి ఫ్రేము కట్టించినప్పుడు వెనకాల అట్ట ఏదైనా ఇమ్మన్నాడు షాపువాడు" అన్నారు.  మార్త ఆ ఫ్రేము గోడ మీంచి దింపింది. కూరగాయల కత్తితో మేకులు లాగింది.

ఫొటో చెక్కు చెదరలేదు. కూతురి పెళ్ళి వెనక, గోడ వైపు తిరిగి, ప్రభువు మాట అన్నాళ్ళూ వేలాడింది.

"చదువు" అన్నాను.

మార్త కళ్ళజోడు పెట్టుకుంది. ఆ వరుస మొదట్లో మూడక్షరాలు, చూడ్డానికి ఇంగ్లీషు ఓ, వై, కే లాగే ఉంటాయి.

"ఓ... వై... కే. ఓకే అని రాసుందేంటే?"

సరదాకి అందనుకుని నవ్వాను. అదీ నవ్వింది. ప్రభువు 'కాదు' అన్నచోట మా మార్త ఓకే అని చదివింది. కాసేపటికి అది కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంటూ, "ఒక్క అక్షరం గుర్తులేదే" అంది మెల్లగా.

రూతు దగ్గరకు కలిసి వెళ్దామన్నాను. మోకాళ్ళు చూపించింది. మనవణ్ణి చూపించింది. వాళ్ళాయన మాత్రల డబ్బా చూపించింది. "నువ్వు తీసుకెళ్ళు, ఇద్దరూ చదువుకోండి. మళ్ళీ తెచ్చివ్వాలి సుమా" అంది.

"అట్టగా వాడుకున్నదాని మీద ఇప్పుడు ప్రేమ పుట్టుకొచ్చిందేం?"

"అట్టయినా ఇంట్లో ఉందిగా. పోతే గోడకైనా తెలుస్తుంది."

పొద్దున్నే బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి, "ఊక్ అఫే" అని రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి లోపల కుక్కరు కూసింది.

బాపట్ల

రూతు చిరునామా నా దగ్గర ఒకటే ఉంది, పాత క్రిస్మసు కార్డు మీదిది. ఆ ఇంటికి తాళం. పక్కింటి అరుగు మీద ఖాజాబీ అనే పెద్దావిడ బియ్యం చెరుగుతోంది. రూతు పేరు చెప్పగానే చేట పక్కన పెట్టింది.

"మా పంతులమ్మ కావాలా? కూర్చో తల్లీ. ఆయన పోయాక వెళ్ళిపోయింది. రేపల్లె అవతల, నిజాంపట్నం దగ్గర ఏదో పల్లె. బడిలో ఉద్యోగం."

టీ ఇచ్చింది. మావైపు ఎవరింటికైనా వెళితే ముందు మంచినీళ్ళు, తర్వాత కబుర్లు, ఆఖర్న కాఫీ. ఖాజాబీ ఇంట్లో టీ ముందే వచ్చేసింది, తాగేదాకా ఏమీ అడగలేదు.

"మీ పంతులమ్మ రోజూ సాయంత్రం ఈ అరుగు మీద కూర్చుని ఏదో బొమ్మ చూస్తూ ఫానూస్, ఫానూస్ అనేది. కరెంటు పోయిందేమో, చీకట్లో చదువుకోలేకపోతోందేమో అనుకుని మా ఇంట్లో లాంతరు వెలిగించి పట్టుకెళ్ళాను."

"లాంతరెందుకండి?"

"ఫానూసు కావాలంటే లాంతరు కాక ఏమిస్తాను? మా ఉర్దూలో లాంతరే ఫానూసు. మీ ఏసయ్య పుస్తకంలో మా మాటెలా వచ్చిందమ్మా అని అడిగితే, కడుపు పట్టుకుని నవ్వింది. అంత నవ్వడం నేను మళ్ళీ చూడలేదు."

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ లాంతరు రూతుకే ఇచ్చేసిందట.

ఒంటరిగా ఉన్న మనిషి తన వంతు సగం మాటను రోజూ పైకి చదువుకోవడం నాకు తెలుసు. నేనూ అదే చేస్తున్నాను. కాకపోతే నాకెవరూ లాంతరు తేలేదు.

పొరపాటు బస్సు

మర్నాడు ఆదివారం. గుడికి వెళ్ళి, ఆరాధన ముగిశాక రేపల్లె బస్సెక్కాలనుకున్నాను. బస్టాండు పక్కనే గదా అని ముందు బస్సు వేళలు కనుక్కోబోయాను. కండక్టరు "ఎక్కండి ఎక్కండి, ఇదే ఆఖరు సీటు" అని సంచి లాక్కుని లోపల పెట్టాడు. నేను ఎక్కాను. కాసేపటికి రోడ్డుకి రెండువైపులా ఇసుక, జీడిమామిడి తోపులు. బస్సు సూర్యలంకలో సముద్రం దగ్గర ఆగింది.

గుంటూరు నుంచి, తెనాలి నుంచి కుటుంబాలు దిగుతున్నాయి. నా జీవితంలో ఆరాధన తప్పిన ఆదివారం అదొక్కటే. ఒక ఇల్లాలు నా దగ్గరకు వచ్చి, "పిన్నిగారూ, మీరు నీళ్ళలోకి దిగరుగా? కాస్త మా చెప్పులు చూస్తుండండి" అంది. ఆమెను చూసి ఇంకో కుటుంబం కూడా వదిలింది. నేను ఇసుకలో కూర్చుని అందరి చెప్పులకూ కాపలా కాశాను. పెద్దవి, చిన్నవి, పిల్లల బూట్లు. చుట్టూ ఇన్ని జతలు. మధ్యలో నేను.

అక్కడే కళ్ళు మూసుకుని కీర్తన చెప్పుకున్నాను. సంచిలో ఫొటోలు తడవకుండా ఒళ్ళో పెట్టుకున్నాను. రేపు రూతు నన్ను చూడగానే ఏమంటుందా అని ఆలోచించాను. ఆ ఇల్లాలు తిరిగొచ్చి, కాగితం పొట్లంలో మసాలా మరమరాలు నా చేతిలో పెట్టి, "థాంక్సండి పిన్నిగారూ" అని వెళ్ళిపోయింది. ఉల్లిపాయ, నిమ్మకాయ బాగా పడ్డాయి. సగం తిని, మిగతా సగం ఎవరికిద్దామా అని చూసి, అదీ నేనే తిన్నాను.

రేపల్లె

రేపల్లెలో పాస్టరుగారింట్లో దిగాను. పాస్టరమ్మగారు రొయ్యల ఇగురు చేశారు. మావైపు రొయ్యల్లో చింతచిగురు వేస్తామంటే, ఆవిడ గోంగూర వేస్తామన్నారు. కలిపిన ముద్ద నోటి దగ్గర ఉండగా, నిజాంపట్నం వైపు పల్లెలో రూతు టీచరు తెలుసా అని అడిగాను.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేశారు. "మీకు తెలియదాండి?"

కొన్నేళ్ళ కిందట వచ్చిన మే నెల తుఫానుకు రూతు ఇల్లు పోయింది. సామాను పోయింది. మనిషి దక్కింది. ఆ పైయేడు కామెర్లు వచ్చి చనిపోయింది. పల్లెవాళ్ళే సమాధి చేశారు. కబురు పెట్టడానికి ఎవరి చిరునామా మిగల్లేదు.

నేను ముద్ద మింగాను. పాస్టరమ్మగారు ఏం చెయ్యాలో తోచక ఇంకో గరిటెడు కూర వేశారు. అదీ తిన్నాను.

పొద్దున్నే వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. రూతు లేదు, ఫొటో నీళ్ళలో పోయింది, ఇక చదివేదేముంది? అప్పుడు పాస్టరుగారు కాఫీ తాగుతూ, "వెళ్ళి రండమ్మా. మీతో ఒక పని కూడా ఉంది" అన్నారు. ఆ పల్లె ఆడవాళ్ళు ఒక అలవాటు చేసుకున్నారట. సాయంకాల ప్రార్థనలో ఆమెన్ అన్నాక లాంతరు పైకెత్తి ఏదో మంత్రంలాగా ఒక మాట అంటారట. "నేను చెప్పి చూశాను. రూతు టీచరుగారు నేర్పింది, మానం అంటారు. మీరు లేఖనాలు చదువుకున్నవారు. మీరు చెబితే వింటారేమో."

ఆ మాటేమిటో ఆయన చెప్పక్కర్లేదు. వాక్యాన్ని తుంచి మంత్రంలా వాడకూడదని నేను నా పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని. వెళ్ళి సరిచేసి వస్తానన్నాను.

నిజాంపట్నం దాటాక

రేవులో చేపల వేలం జరుగుతోంది. పాటగాడు ఎంత వేగంగా ధర పెంచుతాడో వినడానికే కాసేపు నిలబడ్డాను. ఎండు చేపలు పరిచిన చోటు దాటి పల్లెకు నడిచేసరికి పొద్దు వాలుతోంది. మగవాళ్ళు బోట్ల మీద వెళ్ళారు. గుడి ముందు ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. సంతోషమ్మ అనే పెద్దావిడ లాంతరు చిమ్నీ తుడుస్తోంది. అది ఖాజాబీ లాంతరే అయ్యుండాలి, గుడిలో ఉండబట్టి తుఫానుకు దక్కినట్టుంది.

"వందనాలండి. నేను రూతు టీచరుతో కలిసి చదువుకున్నదాన్ని. పాలకొల్లు నుంచి వచ్చాను."

సంతోషమ్మ గుడ్డ పక్కన పెట్టి నన్ను పరీక్షగా చూసింది. "మీరు తలకాయ అక్కా, నడిమి ముక్క అక్కా?"

నాకు అర్థం కాలేదు.

"మా టీచరుగారు చెప్పేవారండి. ప్రభువు ఇచ్చిన మాట ఒకటుంది, నా దగ్గర తోకే ఉంది, తలకాయ తెనాలిలో ఉంది, నడిమి ముక్క పాలకొల్లులో ఉంది అని. ఎప్పటికైనా వస్తారు, మొత్తం అప్పుడు తెలుస్తుంది అనేవారు."

"నడిమి ముక్కనే" అన్నాను.

వెనకాల ఎవరో, "నడిమి ముక్కంటే కండ ఉండాలిగా, ఈవిడేంటే ఇంత సన్నంగా ఉన్నారు?" అంది. అందరూ నవ్వారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టుకున్నారు.

"తలకాయ అక్క రాలేదాండి?"

"మోకాళ్ళ నొప్పులు. తన ముక్క ఇచ్చి పంపింది."

ప్రార్థన అయింది. బోట్ల పేర్లన్నీ చెప్పి ప్రార్థించారు. ఆమెన్ అన్నాక సంతోషమ్మ లాంతరు ఎత్తింది. వాళ్ళు ఆ మాట అనేలోపు చెయ్యి అడ్డం పెట్టాను. సంచిలోంచి మార్త ఫొటో, నా ఫొటో తీసి లాంతరు వెలుగులో పక్కపక్కన పట్టుకున్నాను. కుడివైపు ఖాళీ. మందలించడానికి తయారు చేసుకున్న మాటలు పక్కన పెట్టాను. మార్త ముక్క చదివాను, 'ఊక్ అఫే'. నా ముక్క చదివాను, 'సో హుమాస్ ఓర్'. అక్కడ ఆగాను. బెంచీ మీద ఎప్పుడూ ఆగేచోటే అది.

"ఫానూస్" అన్నారు అందరూ.

రూతు పలికినట్టే పలికారు. చివర్న కాస్త సాగదీసి. 

"మొత్తం కలిపితే ఏంటండి అర్థం?" అంది సంతోషమ్మ.

"మిమ్మల్ని దిక్కులేనివాళ్ళను చేసి వెళ్ళను అని."

  ఒకామె లాంతరు వైపు చూసి, "అయితే అది లాంతరు కాదాండి?" అని అడిగింది.

అబద్ధం చెప్పలేను. "కాదమ్మా. సగం మాట కనక అలా వినబడింది."

"మరి మానెయ్యాలా?"

పాస్టరుగారు గుర్తొచ్చారు. "లాంతరు మానొద్దు. మాట మాత్రం మొత్తం అనండి. నేర్పిస్తాను" అన్నాను.

మొదటి ముక్క నేర్చుకున్నారు. రెండోది చెప్పబోతే సంతోషమ్మ తల అడ్డంగా ఊపింది. "అది మీదండి. మేమెలా అంటాం?"

"నేను రేపు వెళ్ళిపోతాను."

"వెళ్ళండి. దీపం పెట్టే వేళకి అక్కణ్ణుంచే అనండి. తలకాయ కూడా తెనాలి అక్కనే అనమనండి. మేం ఆగి, మీ ఇద్దరిదీ అయ్యాక మాది అంటాం."

రాత్రికి చేపల పులుసు పెట్టారు. నా కంచంలో నడిమి ముక్కలే వేశారు.

తిరుగు దారి

పాస్టరుగారికి జరిగింది జరిగినట్టే చెప్పాను. ఆయన "మొత్తం వాక్యమే అయితే నాకేం అభ్యంతరం లేదమ్మా" అన్నారు.

తెనాలిలో దిగి మార్తకు ఫొటో ఇచ్చాను. రూతు సంగతి చెప్పాను. మనవణ్ణి ఒళ్ళోంచి దించకుండా ఏడ్చింది. సాయంత్రం దీపం పెట్టగానే 'ఊక్ అఫే' అనమని చెప్పాను. "అంటానే, తప్పకుండా అంటాను" అంది. దాని మతిమరుపు నాకు తెలుసు.

ఇప్పుడు పాలకొల్లులో నా గదిలో దీపం వెలిగించాక కుటుంబ ప్రార్థన అనే మాట నోటికి వస్తే తడబడటం లేదు. ఆ ఆకు మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేదు. ఆ పల్లెలో మాత్రం రోజూ కాసేపు నాకోసం ఒక ఖాళీ వదిలి ఆగుతారు. నేను అనకపోతే అది ఖాళీగానే ఉండిపోతుంది.

ఆమెన్ అన్నాక ముందు మార్త కోసం ఆగుతాను. మనవడికి అన్నం పెడుతూ ఉండొచ్చు, మరిచిపోయి ఉండొచ్చు. ఆ 'కాదు' అనకపోతే నాది అనడానికి లేదు కనక, అని ఉంటుందనే నమ్ముతాను. తర్వాత నా ముక్క గొంతెత్తి అంటాను. ఓర్ దగ్గర ఆపి, దీపం కాస్త పైకెత్తి పట్టుకుంటాను.